కుంభకోణం కోనేటి గట్టున



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట ఏటా జరుగుతోందో, ఆయన దగ్గర విజయవిలాసం పాఠం విన్నవాళ్లు ఈ సభలో ఇంకా కొందరున్నారు. చేమకూర వెంకటకవి పద్యంలోని చమత్కారం విప్పి చూపాక, ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న రఘునాథ నాయకుడి ముచ్చట రెండు మాటల్లోనైనా ఎత్తనిదే ఆయన పుస్తకం మూసేవారు కాదు. తంజావూరు నాయకులనగానే మనకు కావ్యాలు, యక్షగానాలు, క్షేత్రయ్య పదాలు గుర్తొస్తాయి. అదే రాజులు, వాళ్ల మంత్రులు నీటి ఒడ్డున రాతితో చేయించిన పనికి మాత్రం మన సాహిత్య చరిత్రల్లో ఒకటి రెండు వాక్యాల చోటు కూడా దక్కలేదు. ఇవాళ ఆ పని గురించి చెబుతాను. అది చూడడానికి కుంభకోణాన్ని మించిన ఊరు లేదు.

తంజావూరుకు ఈశాన్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఉత్తరాన కావేరి, దక్షిణాన అరసలారు పారుతుండగా ఆ రెంటి నడుమ ఉందీ ఊరు. తేవారం పాడిన శైవ నాయనార్లకు ఇది కుడమూక్కు, ఆళ్వార్లకు కుడందై. ప్రళయకాలంలో సృష్టిబీజాలూ అమృతమూ నింపిన కుంభం నీటి మీద తేలుతూ వచ్చి ఇక్కడ ఆగిందనీ, శివుడు కిరాతుడై వచ్చి బాణంతో దాన్ని కొట్టాడనీ, చిందిన అమృతమే మహామహం కోనేరయిందనీ స్థలపురాణం. కుంభం ఆగిన చోట ఆది కుంభేశ్వరుడు వెలిశాడు. కుండ పెంకులు, దాని మీది సామగ్రి పడిన చోటల్లా ఒక్కో గుడి లేచింది. ఈ కథ తెలిసి నడిస్తే వీధి వీధికీ గుడి ఎందుకుందో అర్థమవుతుంది.

మహామహం కోనేటి విస్తీర్ణం 6 ఎకరాలకు పైమాటే. నాలుగు పక్కలా మెట్లున్నాయి గానీ నాలుగు పక్కలూ సమానంగా లేవు. నీటి అడుగున దాదాపు ఇరవై బావులున్నాయి, ఒక్కో బావీ ఒక్కో తీర్థం. వాయుతీర్థం, బ్రహ్మతీర్థం, కుబేరతీర్థం వంటివి కొన్ని. తక్కినవాటిలో గంగ, యమున, నర్మద, సరస్వతి, కావేరి, సరయువు ఉన్నాయి. వాటి సరసనే మన గోదావరి తీర్థం కూడా ఉంది. ఉత్తరపు గట్టున ఉన్న కాశీవిశ్వనాథుడి గుడిలో నవకన్యలు వరసగా నిలబడి ఉంటారు. మనుషుల పాపాలు కడిగి కడిగి తాము మలినమయ్యామని శివుడితో మొరపెట్టుకున్న నదీదేవతలు వాళ్లు. కుంభకోణం వెళ్లి స్నానం చేయమని ఆయన చెప్పాడట. నదులే వచ్చి మునిగే కోనేరిది. రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషి ఆ నవకన్యల ముందు నిలబడి గోదావరమ్మ ఏదని వెతుక్కుంటే, ఆ తల్లి అక్కడే కనిపిస్తుంది.

ఇంకొక సంగతి మనవాళ్లలో చాలామంది గమనించరు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు. అదే బృహస్పతి అదే సింహంలో ఉండగా, సూర్యుడు కుంభంలో ఉన్న మాసంలో, చంద్రుడు మఖ నక్షత్రంతో కూడిన రోజున కుంభకోణంలో మహామహం. 1991లో గోదావరి పుష్కరాలు, 1992లో మహామహం. 2003లో పుష్కరాలు, 2004లో మహామహం. 2015లో పుష్కరాలు, 2016 ఫిబ్రవరి 22న మహామహం. అక్కడ గట్టు మీద మాఘపు ఎండలో వరస కట్టి నిలబడ్డ జనం, ఇక్కడ గోదావరి రేవులో కిటకిటలాడిన జనం ఒకే గురుసంచారాన్ని నమ్మి వచ్చినవాళ్లే. శ్రీకృష్ణదేవరాయలు సైతం మహామహానికి కుంభకోణం వెళ్లాడని శాసనం చెబుతోంది.

ఇక కట్టడాల సంగతికి వస్తాను. ఊళ్లో అన్నిటికన్నా ముందు చూడవలసింది నాగేశ్వరుడి గుడి. తొమ్మిదో శతాబ్దం చివర, తొలి చోళుల కాలపు పని. గర్భగుడి గోడల గూళ్లలో నిలువెత్తుకు కొంచెం తక్కువగా స్త్రీపురుషుల శిల్పాలున్నాయి. వాటిలో కొందరు దేవతలు కారు. రాచకుటుంబపు మనుషులా, దాతలా, ఎవరన్నది పండితులు ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు. ఒక స్త్రీమూర్తి తల కాస్త వంచి నిలబడిన తీరు చూశాక, ఆమె పేరు తెలియకపోవడం ఒక లోటుగా నాకు తోచలేదు. ఆ బొమ్మలు చూసి తల ఎత్తుకుని వెళ్లిపోకండి. వంగి అధిష్ఠానం మీదికి చూపు దించండి. అరచేతిలో ఇమిడేటంత రాతిపలకల మీద రామాయణం చెక్కి ఉంది. అంత చిన్న పలకలో కూడా ఎవరు ఎవరో పోల్చుకోవచ్చు. చైత్రంలో కొన్ని రోజులు పొద్దుటి సూర్యకిరణాలు గోపురద్వారం దాటి నేరుగా లింగాన్ని తాకుతాయి.

శార్ఙ్గపాణి గుడి గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అది తెలియని వైష్ణవ కుటుంబం ఉండదు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. పదకొండు అంతస్తుల రాజగోపురం, 170 అడుగులకు పైగా ఎత్తు. గర్భాలయం గుర్రాలు, ఏనుగులు లాగుతున్న రథం రూపంలో ఉంటుంది. ఈ స్వామి మీది పాశురాలు యాత్రికుల నోట విన్న తర్వాతే నాథమునులు ఆళ్వార్ల పాశురాల సంపుటి నాలాయిరాన్ని వెతకడానికి బయలుదేరారని సంప్రదాయం. గుడి వెనక పొట్రామరై కోనేరు, అంటే స్వర్ణకమల పుష్కరిణి. లక్ష్మీదేవి తామరలో పుట్టి హేమరుషికి కూతురయింది ఆ నీటిలోనే. గుడి ముందు వీధిలో గణితవేత్త శ్రీనివాస రామానుజన్ పెరిగిన ఇల్లు ఇప్పటికీ ఉంది.

నా మనసంతా రామస్వామి గుడి మీద. రఘునాథ నాయకుడు (పాలన 1600–1634) తన మంత్రి గోవింద దీక్షితుల పర్యవేక్షణలో కట్టించిన గుడి ఇది. నాగేశ్వరుడి గుడి అధిష్ఠానం మీది అరచేయంత రామాయణం ఇక్కడికి వచ్చేసరికి ప్రాకారం చుట్టూ గోడల నిండా రంగుల్లో పరుచుకుంది. ప్రదక్షిణం చేస్తూ పోతే కథ నడుస్తుంది. మండపంలో స్తంభం స్తంభానా బొమ్మలే. అయితే గర్భగుడిలోని మూర్తుల దగ్గర కాసేపు ఆగాలి. సీతారాములు ఒకే పీఠం మీద పట్టాభిషేక భంగిమలో కూర్చుని ఉంటారు. భరతుడు గొడుగు పట్టాడు, శత్రుఘ్నుడు చామరం వీస్తున్నాడు, లక్ష్మణుడు విల్లుతో నిలబడ్డాడు. ఆంజనేయుడు మాత్రం మనం రోజూ చూసే ఆంజనేయుడు కాడు. ఒక చేత వీణ, మరొక చేత రామాయణ గ్రంథం పట్టుకుని ఉంటాడు.

ఆ మూర్తిని చూసినప్పుడు నాకు తోచింది చెబుతాను. రఘునాథుడు తెలుగులో రామాయణం రాశాడు, వాల్మీకి చరిత్ర రాశాడు. స్వయంగా వైణికుడు. ఇరవై నాలుగు మెట్లు స్థిరంగా బిగించిన నేటి తంజావూరు వీణ రూపాన్ని ఆయన కాలానికే ముడిపెడతారు. గోవింద దీక్షితుల పేరుతో వినబడే సంగీతసుధ ఆయన ఆస్థానపు గ్రంథం. దీక్షితుల కుమారుడు వేంకటమఖి ఆ తర్వాత చతుర్దండిప్రకాశికలో డెబ్భై రెండు మేళాల పథకం వేశాడు. ఒక చేత వీణ, ఒక చేత రామాయణం. ఆ రాజు తన జీవితాన్నే ఆంజనేయుడి చేతుల్లో పెట్టాడని నా ఊహ. శాసనాధారం చూపమంటే చూపలేను, కానీ ఆ గర్భగుడి ముందు నిలబడితే ఇంకో రకంగా అనుకోవడం నా వల్ల కాలేదు.

గోవింద దీక్షితులు కన్నడ బ్రాహ్మణుడు. సేవప్ప, అచ్యుతప్ప, రఘునాథ నాయకుల కాలాల్లో రాజ్యం నడిపించాడు. తంజావూరు సీమలో జనం ఆయన్ని అయ్యన్ అన్నారు. అయ్యంపేట, అయ్యన్ కుళం అన్న పేర్లు ఆయన గురుతులే. కన్నడం మాట్లాడే మంత్రి, తెలుగులో రాసే రాజు, తమిళం మాట్లాడే ఊరు, సంస్కృతంలో శాస్త్రం. ఈ నాలుగూ కలిసిన ఫలితం మీకు మహామహం గట్టున కనిపిస్తుంది. కోనేటి చుట్టూ పదహారు మండపాలు, ఒక్కోదానిలో ఒక్కో శివలింగం. దీక్షితులు కట్టించినవి. నాయకరాజు తులాభారంలో తూగిన బంగారం ఈ పనికి ఖర్చయిందని ఊళ్లో చెబుతారు. ఒక మండపం కప్పు లోపలివైపు ఆ తులాభార దృశ్యమే చెక్కి ఉంది. తల వెనక్కి వాల్చి చూస్తే తప్ప కనిపించదు, అందుకే చాలామంది దాని కిందనే నడిచి వెళ్లిపోతారు.

ఆ మండపాలు అలంకారానికి కట్టినవి కావు. స్నానానికి వచ్చే వేలమందికి ఎండలో నీడ, తడిబట్టలు మార్చుకునే చోటు, దానం చేసేందుకు అరుగు. యాత్రికుడి శరీరాన్ని గుర్తు పెట్టుకుని చేసిన కట్టడమది. జనం పెరిగిన తర్వాత ఆ గుర్తు మనం నిలుపుకోలేదు. 1992 ఫిబ్రవరి 18న మహామహం నాడు ఆ గట్టునే తొక్కిసలాటలో సుమారు 50 మంది ప్రాణాలు పోయాయి. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరఘాట్‌లో కనీసం 27 మంది పోయారు. రెండూ ఒకే గురుసంచారపు పండుగలు. పుణ్యం కోసం వచ్చిన ఆడవాళ్లు, ముసలివాళ్లు రేవు మెట్ల దగ్గర నలిగిపోవడం విధి అని సరిపెట్టుకుంటే దీక్షితుల మండపాల ముందు నిలబడే అర్హత మనకు లేదు. 1992 తర్వాత కుంభకోణంలో జనాన్ని వరసల్లో పంపడం, కోనేటిలో నీటిని లోతు తక్కువగా ఉంచడం నేర్చుకున్నారు. అంటే నేర్చుకోగలం.

నీటి మాట మరొకటుంది. కోనేరు ఒంటరిగా బతకదు. నదిలోంచి కాలువ రావాలి, ఎక్కువైన నీరు పోవడానికి దారి ఉండాలి. కుంభకోణంలో ఒక కోనేటికీ మరో కోనేటికీ నడుమ కాలువలుండేవి. వాటి మీద ఇళ్లు, దుకాణాలు లేచినప్పుడు కోనేరు వాననీటి గుంటగా మిగిలిపోయింది. ఆక్రమణలు తొలగించాలని మద్రాసు హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. మెట్లకు సున్నం కొట్టి, గ్రిల్లు బిగించి, దీపాలు పెట్టడం తేలిక. కాలువను తిరిగి తవ్వడం కష్టం. కోనేటిని కాపాడడమంటే నా దృష్టిలో ముందు ఆ కాలువను కాపాడడం.

కుంభకోణానికి కొద్ది దూరంలో పట్టీశ్వరం ఉంది. అక్కడి ధేనుపురీశ్వరుడి గుడిలో, అమ్మవారి సన్నిధి ముందు మండపంలో గోవింద దీక్షితులు, ఆయన భార్య నాగమ్మ శిలామూర్తులు నిలబడి ఉన్నాయి. దారాసురం గుడి చూసినవాళ్లు ఇంకాస్త ముందుకు వెళ్లి అక్కడ ఆగవచ్చు. మేలట్టూరు కూడా ఆ చుట్టుపక్కలే. అక్కడ నరసింహ జయంతికి ఇప్పటికీ తెలుగులో భాగవత మేళం ఆడతారు, వేషం కట్టేవాళ్లలో చాలామంది ఇంటి భాష తమిళమే అయినా.

ఈ సభకు నాదొక ప్రతిపాదన. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో మహామహం. ఆ లోపల తంజావూరు సీమలోని నాయకుల కట్టడాలకు తెలుగులో ఒక చేతిపుస్తకం తయారుచేద్దాం. ఏ గుడి, ఏ కోనేరు, ఏ మండపం, ఎవరి కాలం, ఏ శాసనం, అక్కడికి ఎలా వెళ్లాలి అన్న వివరాలుంటే చాలు. తమిళం చదవగలిగినవాళ్లు ఈ సభలో ఉన్నారు, నాయకుల కావ్యాలు కంఠస్థమైనవాళ్లూ ఉన్నారు. రద్దీ లేని నెలలో కలిసి వెళ్లి, పదహారు మండపాలతో పని మొదలుపెడదాం. వచ్చేవాళ్లు సభ ముగిశాక కార్యదర్శి గారి దగ్గర పేర్లు రాయించండి.