నవ్వించువారిని ఊరికి పిలుచునప్పుడు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉపన్యాసకులము కాము. ముఖమునకు రంగు పూసికొని నవ్వించుట మా పని. ఇటీవల ఒక క్రొత్త హాస్యనాటికతో పట్టణములలోని కళాక్షేత్రములలోను, పల్లెలలో జరుగు నాటక పరిషత్తులలోను తిరుగుచున్నాము. గంటసేపు సాగు నాటిక. ఇందు మీ ప్రసక్తి కలదు గనుకనే మీ ముందు నిలుచుటకు ధైర్యము చేసినాము.

కథ చిన్నది. ఒక గ్రామమున సర్పంచి పదవి స్త్రీలకు కేటాయింపబడినది. భార్య గెలిచినది, కుర్చీలో భర్త కూర్చున్నాడు. గ్రామసభలో ఆయన మాటలాడుచుండగా ఆమె అందరకు కాఫీ అందించుచుండును. చెక్కులపైనను, తీర్మానములపైనను ఆమె సంతకమును ఆయనయే చేయును. ఆ చేవ్రాలులో ఎంతగా ఆరితేరినాడనగా, ఒకనాడు సొంత పొలముపై అప్పు తెచ్చుకొనుటకు బ్యాంకునకు పోయి, అలవాటు చొప్పున అక్కడను భార్య సంతకమే చేసినాడు. తన సంతకము ఎట్లుండునో ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి రాలేదు. తక్కిన కథ మీరు చూడవలసినదే.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవ వంతుకు తగ్గకుండ స్థానములను స్త్రీలకు ఇచ్చినది. నేడు ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను అది సగము. చట్టము ఇచ్చిన కుర్చీలో ఇంటివారెవరు కూర్చుండుచున్నారని ఉపన్యాసములో అడిగినచో కోపము వచ్చును. నాటికలో అడిగినచో ముందు నవ్వు వచ్చును. కోపము ఇంటికి పోయిన పిమ్మట వచ్చునేమో మాకు తెలియదు.

ఊరి పెద్దలను చూపి నవ్వించుట మేము క్రొత్తగా తెచ్చినది కాదు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచే ఆడించిన 'వ్యవహార ధర్మబోధిని' వకీళ్లను, కచ్చేరీలలోని అక్రమములను ఎగతాళి చేసిన ప్రహసనము. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనములకు అదియే ఆరంభమని పెద్దలు చెప్పుదురు. 1892లో విజయనగరమున గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' రంగమెక్కినది. దాని పీఠికలో గురజాడవారు కొన్ని అంకెలు ఇచ్చినారు. విశాఖపట్టణం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహముల జాబితాను మహారాజావారు వ్రాయింపగా 1,034 తేలినవట. పెండ్లికూతుళ్లలో ఐదేండ్లవారు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ అంకెలు కంట తడి పెట్టించునవి. అట్టి విషయముతో ఆయన నవ్వించినాడు. గిరీశమును, రామప్ప పంతులును చూచి నవ్వినవారిలో శుల్కము పుచ్చుకొన్న తండ్రులు లేరని ఎవరు చెప్పగలరు?

మా అనుభవము ఒకటి విన్నవించెదము. ఒక గ్రామమున ప్రదర్శనకు ముందు ఇద్దరు పెద్దలు తెరవెనుకకు వచ్చిరి. "మిగతాదంతా ఆడండి. ఆ సంతకం రంగం మాత్రం తీసేయండి" అనిరి. అది తీసివేసినచో నాటిక నిలువదని మనవి చేసితిమి. మాట పెరిగినది. కట్టిన తెరలు విప్పుదమా అని మాలో మేము అనుకొనుచుండగా, సంగతి సర్పంచిగారి ఇంటికి చేరినది. ఆమె కబురు పంపిరి: "పిలిచింది పంచాయతీ. ఆడమనండి."

ఆడితిమి. సంతకము ఘట్టము వచ్చుసరికి జనమంతయు వేదికను విడిచి ముందు వరుసలోని సర్పంచిగారి భర్తను చూచిరి. గుక్క తిప్పుకొనునంతసేపు చప్పుడు లేదు. మేము తరువాతి మాట మింగితిమి. పిదప ఆడువారి వైపునుండి ఒక నవ్వు లేచినది. ఆ వెనుక మరి ఆగలేదు. మేము రంగు కడుగుకొనుచుండగా ఆయన వచ్చి మెల్లగా అడిగినారు: "ఆ సంతకం సంగతి మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదండి. కిందటి ఊళ్లో కూడా ఇదే అడిగారు" అంటిమి.

ఆయన నవ్వలేదు. కాని ఆ రాత్రి మా భోజనములు వారి యింటనే.

ఇక మీరు చేయవలసినవి. ఏడు గంటలకని చాటించిన ఆట సన్మానములు, దండలు, ఉపన్యాసములు ముగిసి పదింటికి మొదలగుట మేము తరచు చూచుచున్నాము. అప్పటికి పిల్లలు నిద్రపోదురు. మరునాడు కూలికి పోవలసిన ఆడువారు లేచి పోదురు. హాస్యమునకు ఇంతకంటె కీడు లేదు. సన్మానములు ఆట ముగిసిన పిమ్మట పెట్టుకొనుడు. అధికారులకని ముందు రెండు వరుసలు ఖాళీగా ఉంచకుడు. వారు రానియెడల ఆ ఖాళీ కుర్చీల మీదుగా మా మాట వెనుకకు పోదు. నవ్వు ప్రక్కవానినుండి ప్రక్కవానికి అంటుకొనునది. జనము దగ్గరగా కూర్చుండవలెను. ఆడువారిని ఎక్కడనో మూలకు త్రోయక వేదిక దగ్గరనే చోటియ్యవలెను.

ఆట నడుచుచుండగా చందాదారుల పేర్లు మైకులో చదువకుడు. ఆ ప్రక్క గుడి మైకుండినచో ఆ గంటసేపు ఆపుమని ముందుగానే చెప్పి ఉంచుడు. వేదిక వెనుక వీధిదీపము వెలుగుచుండినచో మా ముఖములు కనబడవు; దానిని ఆర్పించుడు. పాఠశాలలో ఒక గది, రంగు కడుగుకొనుటకు రెండు బిందెల నీళ్లు ఉన్న చాలును. మాతో వచ్చు నటీమణులకు తలుపు గడియ పడు గది వేరుగా కావలెను. దీనిని చాలచోట్ల మరచుచున్నారు.

తేదీ నిశ్చయించుకొని పంచాయతీ తీర్మానముతో వ్రాయుడు. దానిపై సంతకము ఎవరిదో మేము చూచుకొందుము.