జీపును ఎత్తు చేయించే ముందు



విత్తనం సంగతి, ఎరువు సంగతి మీరు ఎన్నోసార్లు విన్నారు. ఈ పూట జీపు సంగతి చెప్పుకుందాం. జీపుకూ సేద్యానికీ ఏమిటి సంబంధమని అనుకోకండి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకం మొదలైన నాటి నుంచి బ్లాకు జీపు మన పల్లెలకు తెలిసిన బండే. ఆనాడు జీపు అంటే ఆఫీసరుగారిది. ఈనాడు రైతే కొనుక్కుంటున్నాడు. పాడేరు, అరకు వైపు కాఫీ, మిరియాల మూటలు కొండ దించడానికీ, నల్లరేగడి పొలాల్లో మందు డబ్బాలు, మోటారు సామాను చేరవేయడానికీ నాలుగు చక్రాలూ లాగే బండి ఎంతో అక్కరకు వస్తున్నది.

బండి కొన్న కొన్నాళ్లకు ఒక ఊహ పుడుతుంది. "అడుగున రాయి తగులుతోంది, బండిని రెండంగుళాలు లేపిస్తే బాగుండును" అని. షెడ్డులో అడిగితే, "దానిదేముందండీ, లిఫ్టు కిట్టు వేద్దాం, ఇక ఏ దారికైనా పోతుంది" అంటారు. కిట్టుకు, కూలికి, ఆ పైన టైర్లకు కలిపి అయ్యే సొమ్ము చిన్నది కాదు. చిన్న రైతుకు అది ఒక పంట మీద మిగిలే డబ్బు. కాబట్టి దేనికోసం పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

ముందుగా ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఎద్దుబండి ఇరుసు నేలకు ఎంత ఎత్తున ఉంటుంది? చక్రం ఎత్తులో సగం. అయిదడుగుల చక్రమైతే ఇరుసు నడుమ రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. బండి పలక కింద దుంగలు పెట్టి పలకను జానెడు లేపినా ఇరుసు లేస్తుందా? లేవదు గదా. జీపు సంగతీ అంతే. కమాను కట్టను పెంచినా, స్ప్రింగు పొడుగు చేసినా లేచేది ఇరుసు మీద ఉన్న బండి. ఇరుసు, దాని నడుమ గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్ పెట్టె ఉన్నచోటనే ఉంటాయి. ఇరుసును లేపేది చక్రం ఒక్కటే. అదీ పెరిగిన ఎత్తులో సగం మాత్రమే.

లెక్క చూడండి. 205/70 ఆర్ 15 అనే టైరు మొత్తం ఎత్తు 668 మి.మీ. దాన్ని తీసి 215/75 ఆర్ 15 వేస్తే ఎత్తు సుమారు 703 మి.మీ. అవుతుంది. పెరిగింది 35 మి.మీ. అందులో ఇరుసుకు దక్కేది సగం, అనగా ముప్పాతిక అంగుళం కూడా లేదు. పైగా మీటరు 60 కిలోమీటర్ల వేగం చూపుతున్నప్పుడు బండి నిజానికి 63 మీద పోతూ ఉంటుంది. టైరు పెంచినా అన్నీ ఒకే కొలతవి వేయాలి. ముందొకటి, వెనుకొకటి వేసి నాలుగు చక్రాలూ కలిపి గట్టి నేల మీద నడిపితే గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి పాడవుతాయి.

మరి మీ బండికి ఎక్కడ తగులుతున్నది? ఇది ఊహించి చెప్పే మాట కాదు, కళ్లతో చూడవలసినది. అందుకు ఖర్చులేని ఉపాయం ఉంది. బండి అడుగు భాగం కడిగి ఆరనివ్వండి. ముందు బంపరు కింద, పొట్ట కింద, ఇరుసు పెట్టె మీద, తోక కింద చిక్కటి సున్నం పూయండి. వేడి పొగగొట్టానికీ, బ్రేకు గొట్టాలకూ పూయకండి. రోజూ పోయే దారిలోనే, రోజూ వేసే బరువుతోనే పొడి దినాల్లో రెండు మూడు రోజులు తిప్పండి. సాయంత్రం వంగి చూడండి. సున్నం ఎక్కడ గీసుకుపోయిందో అక్కడే మీ జబ్బు. జబ్బును బట్టి మందు.

సున్నం ఇరుసు పెట్టె మీద పోయిందా? కిట్టు పనికిరాదు. రాయిని రెండు చక్రాల నడుమకు రానివ్వక, ఒక చక్రాన్ని రాయి మీదికే ఎక్కించి నడపడం నేర్చుకోవాలి. లేదా చక్రం కొంచెం పెంచాలి.

ముందు మూతి మీద పోయిందా? కింద వేలాడే బంపరు, ఆ తరువాత బిగించుకున్న గొట్టాలు అడ్డం వస్తున్నాయేమో చూడండి. పైన బిగించినదాన్ని విప్పడం కిట్టు కొనడం కన్నా చవక.

పొట్ట మీద, అంటే ముందు వెనుక చక్రాల నడుమ పోయిందా? గట్టు ఎక్కి దిగేటప్పుడు పొట్ట ఆనుతున్నదన్న మాట. లిఫ్టు నిజంగా పనికివచ్చేది ఇక్కడనే. చక్రాల నడుమ దూరం ఎక్కువైనకొద్దీ ఈ బాధ ఎక్కువ. జిమ్నీ బండి మూడు తలుపులదానికి ఆ దూరం 2,250 మి.మీ. అయితే, మన దేశంలో 2023లో వచ్చిన అయిదు తలుపులదానికి 2,590 మి.మీ. రెండింటికీ నేల నుంచి ఎత్తు 210 మి.మీ.యే. అయినా గట్టు మీద పొడుగు బండికే పొట్ట ముందు ఆనుతుంది.

ఎక్కడా సున్నం పోలేదు గాని వానాకాలం బురదలో దిగబడుతున్నదా? అప్పుడు లోపం ఎత్తులో లేదు, టైరు పట్టులో ఉంది. తడిసిన నల్లరేగడి టైరు గాడులను పూడ్చివేస్తుంది. లోతైన గాడులున్న బురద టైర్లు వేయండి, బరువు తగ్గించండి. 30 పౌన్ల గాలి ఉంటే 20 పౌన్ల దాకా దించి మెల్లగా దాటండి. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపడం మరువకండి.

ఇంకొక మందు కూడా ఉంది. ఊరంతా తిరిగి చూస్తే బండి తగిలేది ఒకే ఒక్క బోదె దగ్గర అయితే, ఆ బోదెలో ఒక సిమెంటు తూము పెట్టి రెండు ట్రాక్టర్ల గ్రావెలు పోయించండి. మీ జీపుతోపాటు పొరుగువాని బండి కూడా సుఖంగా దాటుతుంది.

సరే, పొట్ట ఆనుతున్నది, లిఫ్టు కావాలి. ఏ రకం వేయాలి?

మొదటిది బాడీ లిఫ్టు. ఛాసిసుకూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టి బాడీని మాత్రమే లేపుతారు. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది గాని, ఛాసిసు, గేరుపెట్టె కింది ఎత్తు వెంట్రుకవాసి కూడా పెరగదు. పొట్ట బాధకు ఇది మందు కాదు.

రెండవది దిమ్మె, షాకిలు పద్ధతి. స్ప్రింగు మీద దిమ్మె పెట్టడం, కమాను షాకిలు పొడుగు చేయడం చవక పనులు. షాకిలు రెండంగుళాలు పెంచితే బండి లేచేది సుమారు ఒక అంగుళమే. దానికితోడు ఇరుసు కొంచెం తిరిగి, స్టీరింగు తనంతట తాను నిటారుకు వచ్చే గుణం మారుతుంది. వెనుక కమాను మీద దిమ్మె పెట్టేవారు ఉన్నారు. ముందు ఇరుసుకు మాత్రం ఎన్నడూ పెట్టనివ్వకండి. దిమ్మె మీద దిమ్మె వెనుక కూడా వద్దు. బ్రేకు తొక్కినప్పుడు జారితే ప్రాణం మీదికి వస్తుంది.

మూడవది పూర్తి కిట్టు. కొత్త స్ప్రింగులు లేక కమాను కట్టలు, వాటికి తగిన పొడవు గల షాకులు, కొత్త యూ బోల్టులు, అవసరమైతే పొడుగు బ్రేకు గొట్టాలు, ఇరుసును నడిమిలో నిలిపే అడ్డ రాడ్డు సరిచేసే సామాను ఇందులో ఉంటాయి. వేస్తే ఇదే వేయాలి. రెండంగుళాలకు మించి పోవద్దని నా సలహా. అంతకు మించితే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి బండి వణకడం, జాయింట్లు అరగడం మొదలవుతాయి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతూ పోతుంది.

మీ బండి కట్టుబాటు కూడా తెలుసుకోండి. తయారీ ఆగిపోయిన జిప్సీకి ముందూ వెనుకా కమాను కట్టలే. జిమ్నీకి ముందూ వెనుకా నిలువు ఇరుసులే గాని చుట్ట స్ప్రింగులు ఉంటాయి. 2020లో వచ్చిన థార్‌కు వెనుక నిలువు ఇరుసు, ముందు మాత్రం ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడుతుంది. ముందు డిఫరెన్షియల్ ఛాసిసుకు బిగించి ఉంటుంది కనుక లిఫ్టు వేస్తే అది కూడా లేస్తుంది. సంతోషమే. కాని చక్రాలకు పోయే షాఫ్టులు ఏటవాలుగా తిరగవలసి వచ్చి, రబ్బరు తొడుగులు చిరిగి, మట్టి దూరి జాయింట్లు పోతాయి. ఒక బండికి సరిపడిన కిట్టు ఇంకొక బండికి సరిపడదు.

కిట్టు అమ్మేవానిని మూడు మాటలు అడగండి. ఈ స్ప్రింగు ఎంత బరువుకు చేసినది? షాకు పూర్తిగా సాగినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకోదు గదా? బిగించాక చక్రాల అలైన్‌మెంటు చేసి కాగితం ఇస్తారా? మొదటి ప్రశ్నకు జవాబు రావాలంటే ముందు మీ లెక్క మీరు చెప్పాలి. వారానికి ఎన్ని రోజులు మూటలు వేస్తారు, ఎన్ని రోజులు ఖాళీగా తిప్పుతారు అన్నది చెప్పండి. ఎప్పుడో ఒకనాడు వేసే బరువును చూసి గట్టి స్ప్రింగు కొంటే, మిగతా రోజులు ఖాళీ బండి గుంటల మీద ఎగురుతూ పట్టు తప్పుతుంది. లిఫ్టు వేసినంత మాత్రాన బండి మోసే బరువు పెరగదు. బ్రేకులు, ఇరుసులు పాతవే గదా.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఎత్తు పెంచితే బండి బోల్తా పడే గుణం కూడా పెరుగుతుంది. ఒక బండి చక్రాల వెడల్పు 1,400 మి.మీ., బరువు కేంద్రం నేలకు 700 మి.మీ. ఎత్తున ఉన్నదనుకోండి. కాగితం మీద అది 45 డిగ్రీల పక్కవాలు దాకా నిలుస్తుంది. కేంద్రం 70 మి.మీ. లేస్తే 42 డిగ్రీలే. పైన మూటలు కట్టి, మనుషులను నిలబెట్టి కేంద్రాన్ని 875 మి.మీ.కు తెస్తే 39 డిగ్రీలకు పైగా నిలవదు. ఇది నిలిచి ఉన్న బండి లెక్క. ఘాట్ రోడ్డు మలుపులో కదులుతున్న బండి, స్ప్రింగులు ఒరుగుతుండగా, ఇంకా ఎంతో ముందే పడుతుంది. మన జీపుల్లో ఎక్కేది మూటలే కాదు. కలుపు తీతకు పోయే ఆడకూతుళ్లు ఎక్కుతారు, బడి పిల్లలు ఎక్కుతారు. లేపిన బండి పైకప్పు మీద మనుషులనూ బరువునూ ఎక్కించవద్దు. మలుపులో వేగం మునుపటికన్నా తగ్గించండి.

వాగు సంగతీ అంతే. 2020 థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మి.మీ. బండి లేచింది గదా అని పొంగే వాగులో దించకండి. పారే నీటి తోపుడుకు రెండంగుళాలు లెక్కలోకి రావు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. అదే ఏడు వచ్చిన సవరణలోని 182-ఏ సెక్షను కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికి కూడా సందు దొరుకుతుంది. "అందరూ వేయిస్తున్నారు" అన్న మాట అక్కడ చెల్లదు. కనుక సొమ్ము కట్టకముందే రవాణా ఆఫీసులో అడిగి, బీమా కంపెనీ నుంచి కాగితం మీద జవాబు తీసుకోండి. కాదంటే ఆ సొమ్ముతో మంచి టైర్లు, పొట్ట కింద ఇనుప రేకు వేయించే మాట అడగండి.

అన్నీ చూసుకుని వేయించినవారు ఈ పనులు మరువకండి. హెడ్‌లైట్లు కిందికి దించి సరిచేయించండి, లేకుంటే ఎదురు వచ్చేవాని కళ్లు చెదురుతాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, నట్లు మళ్లీ బిగింపించండి. స్టీరింగు ఒక పక్కకు లాగినా, గుంటలో పడగానే తనంతట తిరిగినా, బండిని వెంటనే షెడ్డుకు పంపండి.

సోదరులారా, నేలను చూసి విత్తనం ఎంచుకునేవారు మీరు. దారిని చూసి బండిని తీర్చుకోవడం మీకు కొత్త విద్య కాదు. ముందు సున్నం పూయండి, వంగి చూడండి, ఆ తరువాత జేబులో చెయ్యి పెట్టండి.