బరువెరిగిన బాట



బైలదిల యనగా ఎద్దు మూపురము. బస్తరు సీమలో ఆ కొండల శిఖరము మూపురమువలె కనిపించుటచే ఆ పేరు కలిగినది. 1968లో అచ్చట జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇనుపరాతి త్రవ్వకము ప్రారంభించినది. కిరండూలు నుండి కొత్తవలస వరకు గల రైలుమార్గము ఆ ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుచున్నది. కాని సరకంతయు రైలుపైననే పోదు. జగదల్‌పూరువద్ద ఇంద్రావతిని దాటి, కేశ్‌కాల్ కనుమ దిగి రాయపూరునకు పోవు 30వ నంబరు జాతీయ రహదారిపై బరువు లారీలు నడచుచుండును. ఆసుపత్రికి పోవు రోగికిని, సంతకు పోవు గ్రామస్థునికిని అదియే దారి.

భారము మించినచో ఎద్దు మొరాయించును. వంతెన మొరాయింపలేదు, లోలోపల నలిగిపోవును.

బాటకు కీడు చేయునది లారీ మొత్తపు బరువుకంటె ఒక్కొక్క ఇరుసుపై పడు భారము. 1958 నుండి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన పరీక్షలవలన, ఆ కీడు ఇంచుమించు భారముయొక్క నాలుగవ ఘాతమును అనుసరించి పెరుగునని తేలినది. భారము ఐదవవంతు హెచ్చినచో కీడు రెట్టింపగును. భారమే రెట్టింపైనచో కీడు పదునారు రెట్లగును. మన దేశమున 2018లో నాలుగు చక్రముల ఒంటి ఇరుసునకు హద్దు 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెరిగినది.

ప్రతి లారీని ఆపి కాటాపై తూచుట సాధ్యము కాదు. అందుచే నడుచు బండినే తూచు ఉపాయము పుట్టినది. బాటలో చిన్న రంధ్రములు తొలిచి, బ్యాటరీతో పనిచేయు పరికరములను పాతుదురు. కొన్ని అయస్కాంత క్షేత్రమున కలుగు మార్పునుబట్టి బండి రాకను, వేగమును గ్రహించును. మరికొన్ని చక్రముక్రింద బాట పొందు ప్రకంపనమును కొలుచును. ఆ సమాచారము తీగ లేకయే రేడియో తరంగములద్వారా ప్రక్కనున్న పెట్టెకు చేరును. ఎండకు తారు మెత్తబడును గనుక ఉష్ణోగ్రతనుకూడ లెక్కింపవలెను. వంతెనకైనచో దూలముల అడుగున పరికరములు అతికించి, వాటి సాగుదలనుబట్టి బండి బరువు గణింతురు, వంతెనయే త్రాసగును. 1979లో ఫ్రెడ్ మోజెస్ అను ఇంజనీరు ఈ పద్ధతిని ప్రతిపాదించెను. అడవులగుండ పోవు బస్తరు బాటలకు తీగల పని లేని పరికరము తగియుండును.

అయితే గతుకులలో చక్రము ఎగిరినపుడు లెక్క తప్పవచ్చును. కావున ఈ తూనిక అనుమానింపదగిన లారీని ఏరుటకు చాలును. జరిమానాకు మాత్రము కాటాయే ప్రమాణము కావలెను. మరియొక మాట: దారిలో పట్టుబడువాడు డ్రైవరు, బరువెక్కించినవాడు వేరొకడు. సరకు ఎత్తుచోటనే తూచినగాని న్యాయము జరుగదు, వంతెనయు నిలువదు.