ప్లగ్గులో ఫ్యూజు దేనికి కాపలా?

బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లు ఇంటికి యాంప్లిఫయర్ తెచ్చుకోగానే ఎదురయ్యే ప్రశ్న: ప్లగ్గులో వేయాల్సిన ఫ్యూజు 3 ఆంపియర్లదా, 13 ఆంపియర్లదా? ఇండియాలో మామూలు ప్లగ్గుకు ఫ్యూజే ఉండదు కనుక ఈ సంగతి మనకు కొత్త. బ్రిటన్ ఇళ్లలో చాలా సాకెట్లు ఒకే రింగు సర్క్యూట్‌పై ఉంటాయి, దాని బ్రేకరు 32 ఆంపియర్లది. లోపం వచ్చి సన్నని వైరులో 20 ఆంపియర్లు పారినా ఆ బ్రేకరు కదలదు, వైరు మాత్రం వేడెక్కి కాలుతుంది. అందుకే ప్లగ్గు ఫ్యూజు ముఖ్యంగా వైరుకు కాపలా. యాంప్లిఫయర్‌కు సాధారణంగా లోపలే వేరే ఫ్యూజు ఉంటుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు 6 ఆంపియర్లు మోస్తుంది, 1.25ది 13 మోస్తుంది. 230 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లంటే 690 వాట్లు. మామూలు స్టీరియోకు అది చాలు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి స్విచ్ వేయగానే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి, కాబట్టి తయారీదారు చెప్పిన అంకెదే తుదిమాట.

ఫ్యూజు సంగీతాన్ని నొక్కేస్తుందని, దాని బదులు రాగి ముక్క పెట్టమని కొందరు వాదిస్తారు. మంచి ఫ్యూజు నిరోధం చాలా స్వల్పం, గోడలోని మీటర్లకొద్దీ తీగ ఎలాగూ దాని ముందే ఉంది. పైగా యాంప్లిఫయర్ ఆ కరెంటును డీసీగా మార్చి కెపాసిటర్లలో నింపుకున్నాకే వాడుకుంటుంది. రాగి ముక్కతో పోయేది రక్షణ ఒక్కటే. ఖరీదైన లావు కేబుల్ కొనడం మీ ఇష్టం, ఫ్యూజు మీద మాత్రం బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్ 1362 ముద్ర చూడండి. అలాగే స్పీకర్లో గుయ్‌మనే మోత పోవడానికి ఎర్త్ తీగ పీకేయకండి. ఆ మోతకు సిగ్నల్ వైర్ల దగ్గరే మందు వెతకాలి.