పదును పోయిందనుకున్నాం: బర్రెల బొచ్చు గొరిగే మిషన్‌తో మా అనుభవం

సంగం మండలంలోని మా సంఘం తరఫున రెండు మాటలు చెప్పమన్నారు. మేము చెప్పబోయేది లాభం వచ్చిన కథ కాదు. సంఘం అప్పుతో కొన్న మిషన్‌ను చేతులారా పాడు చేసుకోబోయి, చివరికి ఎలా నిలబెట్టుకున్నామో చెబుతాం.

మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. కాబట్టి ఇక్కడ బొచ్చు కత్తిరించే పని ఎక్కువగా బర్రెల దగ్గరే. చలికాలం పోయేసరికి వాటి బొచ్చు పెరిగిపోతుంది. అందులో పేలు, పిడుదులు చేరతాయి. పొదుగు దగ్గర, తోక దగ్గర పేడ అంటుకుని పాలలో పడుతుంది. ఇదివరకు కత్తెరతోనో బ్లేడుతోనో గొరిగేవాళ్లం. ఒక్కో బర్రెకు పూట పట్టేది, గాట్లు కూడా పడేవి. అందుకే కరెంటు మిషన్ కొన్నాం. మా బర్రెలకు వాడుకుందాం, ఊళ్లో వాళ్లవి కూడా గొరిగి వాయిదా కట్టుకుందాం అనుకున్నాం.

నాలుగు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత మిషన్ బొచ్చును కోయకుండా పీకడం మొదలుపెట్టింది. బ్లేడు కాలిపోయేది. ఒక వదిన బర్రెకు పొదుగు పక్కన చర్మం కమిలింది. అది ఎగిరి తన్నింది. "మళ్లీ ఆ మిషన్ మా కొట్టంలోకి తేవద్దు" అని ఆమె చెప్పేసింది. తప్పు మాదే, మందు ఖర్చు మేమే పెట్టుకున్నాం. కానీ ఆ మాట ఊరంతా పాకింది, ఎవరూ పిలవలేదు. ఆ నెల వాయిదా తలా కొంత వేసుకుని కట్టాం.

పదును పోయిందనుకుని బ్లేడ్లను కత్తులు సానపట్టే చోట ఇచ్చాం. తళతళలాడుతూ వచ్చాయి కానీ ఒక్క వెంట్రుక తెగలేదు. కొత్త జత కొన్నాం. మూడు రోజుల్లో అదీ అంతే. మిషన్ అచ్చిరాలేదు, అమ్మేద్దాం అని సమావేశంలో గొడవపడ్డాం.

అప్పుడు మాలో జాకెట్లు కుట్టే చెల్లెలు ఒకామె బ్లేడ్లు విప్పి చూసి, "దీనికి నూనె ఎప్పుడు వేశారు?" అని అడిగింది. ఎవరమూ మాట్లాడలేదు. రెండు బ్లేడ్ల మధ్య వెంట్రుకలు, జిడ్డు, పెన్న ఇసుక గట్టిగా పట్టుకుని ఉన్నాయి. దులిపి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి తిప్పితే మెత్తగా కోసింది. పోయింది పదును కాదు, మా శ్రద్ధ.

అప్పటి నుంచి మేము పాటించేది చెబుతాం, వినండి.

మొదటిది, బర్రెను కడగాలి. మన బర్రెలు పెన్నలో, కాలువల్లో పొర్లి వస్తాయి. బొచ్చులో ఉన్న ఇసుక బ్లేడును అన్నిటికంటే త్వరగా అరగదీస్తుంది. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి. తడి బొచ్చు బ్లేడుకు చుట్టుకుంటుంది. తడి నేల మీద కరెంటు మిషన్ పట్టుకుంటే మనకూ బర్రెకూ ప్రాణాపాయం.

రెండోది, మొదలుపెట్టే ముందు నూనె, పని మధ్యలో పది నిమిషాలకోసారి నూనె. కొబ్బరినూనె, వంటనూనె వద్దు, అవి బంకలా పట్టుకుంటాయి. నూనె వేసేటప్పుడు మిషన్ ఆపి, బ్లేడును మన ముంజేతికి ఆనించి చూడాలి. మన చేతికి చురుక్కుమంటే బర్రెకూ అంతే. చల్లారేదాకా ఆగాలి.

మూడోది, బిగింపు. కింది బ్లేడు దువ్వెనలా బొచ్చును పట్టుకుంటుంది, పైది అటూ ఇటూ కదులుతూ కోస్తుంది. వదులైతే మధ్యలోకి వెంట్రుకలు దూరి పీకుతుంది. మరీ బిగిస్తే వేడెక్కి, బ్లేడూ మోటారూ రెండూ అరుగుతాయి. మిషన్‌తో వచ్చిన కాగితంలో ఎంత చెప్పారో అంతే బిగించాలి.

నాలుగోది, గాలి వెళ్లే జల్లెడ. అందులో బొచ్చు నిండితే మోటారు వేడెక్కుతుంది. రోజూ దులపాలి.

ఐదోది, పని అయ్యాక ప్లగ్గు తీసి, బ్లేడ్లు విప్పి, పాత టూత్‌బ్రష్షుతో పళ్ల సందులు శుభ్రం చేయాలి. ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి వెళ్లేముందు మందు నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, నూనె రాయాలి. లేకపోతే తామర, పేలు మనమే మోసుకెళ్లినట్టు అవుతుంది. తామర మనుషులకూ అంటుకుంటుంది. చర్మం మీద పుండ్లు, గడ్డలు ఉన్న పశువును ముట్టుకోవద్దు, ముందు పశువైద్యులకు చూపించాలి.

ఇవన్నీ చేశాక కూడా కోయకపోతేనే పదును పోయినట్టు. అప్పుడు కత్తుల సాన దగ్గర ఇవ్వకండి. రెండు బ్లేడ్ల ముఖాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా ఆనితేనే కోత పడుతుంది. మామూలు సానరాయి ఆ ఆనికను చెడగొడుతుంది. ఈ బ్లేడ్లకు పదును పెట్టే పళ్లెం వేరే ఉంటుంది. జతను విడదీయకుండా అక్కడే ఇవ్వాలి. మేము చెడగొట్టుకున్న మొదటి జత ఇంకా సంఘం పెట్టెలోనే ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు చూపిస్తాం.

మరుసటి ఏడు ఆ వదిన ఇంటికి మేమే వెళ్లాం. ఆమె కళ్లెదుటే బ్లేడును మా చేతికి ఆనించి చూపించాం. కాసేపు చూసి, పలుపు తానే పట్టుకుని నిలబడింది. అప్పు ఇంకా కొంత ఉంది, కానీ ఆ తర్వాత వాయిదా తప్పలేదు.

దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మన జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి పొదుపు నేర్చుకున్నారు. రూపాయే కదా అని ఎవరూ వదల్లేదు. నూనె చుక్కా అలాంటిదే. చుక్కే కదా అని వదిలేస్తే మిషన్ పోతుంది, దాని వెనకే నమ్మకమూ పోతుంది.

మిషన్ నేర్చుకోవాలనుకునే సంఘాలు మా ఊరు రండి. పట్టుకుని చూపిస్తాం. సెలవు.