మూట కట్టిన దస్త్రం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులో వివరాలు దాచే ఒక పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రికార్డు రూములో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక ఆ భాషలోనే చెబుతాను.

ప్రోగ్రాము నడిచేటప్పుడు ఒక ఉద్యోగి పేరు, పుట్టిన తేదీ, భార్యాబిడ్డలు, చిరునామా అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి మెమరీలో ఉంటాయి. దాన్ని ఆబ్జెక్టు అంటారు. ప్రోగ్రాము ఆగితే అది పోతుంది. పోకుండా, ముడులతో సహా ఒకే వరుస బైట్లుగా మార్చడమే సీరియలైజేషన్. జావా భాషలో ఈ సదుపాయం 1997లో వచ్చింది. ఆ బైట్లను డేటాబేసులో ఒకే గడిలో పెట్టవచ్చు. ఫైలంతా గుడ్డలో మూటగట్టి, పైన నంబరు వేసి బీరువాలో పెట్టినట్టన్నమాట.

నంబరు చెబితే మూట వెంటనే దొరుకుతుంది. కాని ఫలానా ఊరివారు ఎందరని అడిగితే ప్రతి మూటా విప్పవలసిందే.

మన ప్రాంతమే చూడండి. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చాయి. 2014లో పోలవరం కారణంగా భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, పక్కనున్న ఎటపాక తిరిగి తూర్పుగోదావరికి పోయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. అక్కడ ఇల్లు కదలలేదు, 2022 నాటికే జిల్లా మాత్రం మూడుసార్లు మారింది. ఊళ్ళూ జిల్లాలూ వేరే పట్టికలో ఉంటే ఒక్క వరుస దిద్దితే చాలు. మూటల్లో ఉంటే అన్నీ విప్పి, దిద్ది, మళ్ళీ కట్టాలి.

ఇంకొక చిక్కుంది. ప్రోగ్రాములో నమూనా మారితే, పాత మూటను కొత్త ప్రోగ్రాము విప్పనని మొరాయించవచ్చు. నా సహోద్యోగి ఒకాయన పోయాక ఆయన భార్యకు కుటుంబ పింఛను నెలల తరబడి ఆగింది. పాత ప్రోగ్రాము దాచిన వివరాలు కొత్తదానికి అందడం లేదన్నారు. చివరకు సర్వీసు రిజిస్టరులో సిరాతో రాసిన ఆమె పేరే ఆమెను ఆదుకుంది.

అందుచేత రేపు ఎవరైనా అడగగల పేరు, పుట్టిన తేదీ, పి.పి.ఓ. నంబరు, నామినీ, ఊరు విడివిడి గడుల్లో ఉండాలి. ఫొటో, సంతకం వంటివి మూటగా ఉన్నా నష్టం లేదు. మూటే కట్టక తప్పకపోతే, మనిషి కూడా చదవగల జేసన్ వంటి అక్షర రూపం మేలు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో 2014 నుంచి జేసన్‌ను మరింత వేగంగా లోపలే వెతికే సదుపాయం కూడా ఉంది. ముక్కూమొహం తెలియనివారి మూట మాత్రం విప్పకూడదు. జావాలోనైనా, పైథాన్‌లోనైనా విప్పడంతోనే లోపలి దుష్ట ఆదేశాలు నడిచే ప్రమాదముంది.

మీరు కూడా ఇంటికి వెళ్ళగానే ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద విడివిడిగా రాసి, ఇల్లాలికీ పిల్లలకూ చూపించండి. అన్నీ మన తలలోనే మూటగట్టి పెట్టుకుంటే, మన తరువాత విప్పేవారుండరు.

సెలవు.