దేశాంతరవాసము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



భీమునిపట్నమున సముద్రపుటొడ్డున వలందుల శ్మశానవాటిక ఉన్నదని ఈ సభలో తెలియనివారుండరు. హాలెండు దేశస్థులను పూర్వులు వలందులనియు, ఫ్రెంచివారిని పరాసులనియు వ్యవహరించిరి. ఆ వాటికలో కొన్ని గోరీలు కొనదేలిన స్తంభములవలె లేచియున్నవి. కొన్ని నేలబారుగా నున్నవి. పలకలపై చెక్కిన అక్షరములు ఉప్పుగాలికి అరిగినవి. అరుగనివాటిని చదువుటకు వలందు భాష వచ్చినవారు కావలెను. పుట్టిన దేశమునుండి నెలల తరబడి ఓడలో వచ్చి, ఇచ్చట కాపురముండి, ఇచ్చటనే కన్నుమూసినవారు వీరు. ఈ ఊరిని వీరు ఏమనుకొనిరి? ఇచ్చటి ఎండ, చింతపండు పులుసు, గ్రామదేవత జాతర, కరణము వ్రాత వీరికెట్లు తోచినవి? రాయి చెప్పదు.

పదునేడవ శతాబ్దమున, గోలకొండ సుల్తానుల కాలమున, వలందు కంపెనీవారు ఇచ్చట వర్తకశాల నెలకొల్పి నేతవస్త్రములు ఎగుమతి చేసిరి. నడుమ ఆంగ్లేయులు పట్టుకొనుటయు, మరల అప్పగించుటయు జరిగి, తుదకు 1824 నాటి సంధి ననుసరించి 1825లో ఈ ఊరు ఆంగ్లేయుల పరమైనది. ఆ కంపెనీ కొలువులో నున్నవారందఱును హాలెండువారే కారు. జర్మనులు, డేనులు మొదలైన పలుదేశములవారు జీతమునకై చేరి ఓడలెక్కిరి. కంపెనీ కాగితములు హేగు నగరమున నేటికిని భద్రముగ నున్నవి. ఏ రేవునుండి ఏ సరకు ఓడ కెక్కినదో, దాని వెల యెంతో వాటిలో వెదకి తెలిసికొనవచ్చును. అంత ఓర్పుతో లెక్క వ్రాసినవారికి నమస్కరింపవలసినదే. అయినను జమాఖర్చు పుస్తకమున మనసునకు పద్దు ఉండదు.

అడిగి తెలిసికొనినవాడు వలందులలో అసలు లేకపోలేదు. ఇచ్చటికి చాల దూరమున, దక్షిణపు కొసను, పులికాటు రేవులో వారికి కోట యుండెను. అచ్చట 1632 మొదలు సుమారు పదియేండ్లు అబ్రహాము రొజేరియసు అను క్రైస్తవ మతాచార్యుడు నివసించెను. పద్మనాభుడను బ్రాహ్మణునితో ఆయనకు పరిచయము కలిగెను. ఆయనకు సంస్కృతము రాదు. ఇరువురును పోర్చుగీసు భాషలో మాటలాడుకొనిరి. పూజలెట్లు చేయుదురు, పెండ్లి యెట్లు జరుగును, చనిపోయినవారికి ఏమి చేయుదురు అని ఆయన అడిగెను, పద్మనాభుడు చెప్పెను. ఆయన మరణించిన పిమ్మట 1651లో ఆ గ్రంథము హాలెండులో అచ్చైనది. అందు భర్తృహరి శ్లోకములకు వలందు భాషానువాదము కలదు. ఏనుగు లక్ష్మణకవి సుభాషితములను తెనిగించుటకు ఎంతో ముందే అవి ఐరోపావారి చేతికందినవన్న మాట. ఒక విశేషము. అందున్నవి నీతి, వైరాగ్య శతకములు మాత్రమే. శృంగార శతకము లేదు. పద్మనాభుడు దానిని వివరించుటకు ఇష్టపడలేదందురు. ఎదుట కూర్చున్నవాడు మతాచార్యుడు. శృంగార శతకము చదివినవారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

వందలమంది వలందులు తెలుగుతీరమున బ్రదికి పోయిరి. రొజేరియసువలె ప్రక్క నున్నవానిని కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొనినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మంది.

ఇక తెలుగువారు ఐరోపాకు పోయి చూచినది. ఇందు మొదటనే ఒక భేదము గుర్తింపవలెను. చుట్టపుచూపుగ పోవుట వేఱు, కాపురముండుట వేఱు. అతిథికి వేసిన విస్తరిని చూచి ఆ యింటి నిత్యపు వంట ఇట్టిదని చెప్పరాదు.

పోతము జానకమ్మ రాఘవయ్య యను వనిత ఇంగ్లండు పోయివచ్చి, ఆ వృత్తాంతమును తెలుగున వ్రాసి, తానే ఆంగ్లీకరించి 1876లో చెన్నపట్టణమున ప్రకటించినది. సముద్రము దాటుట దోషమని చదువుకొనిన పురుషులే వెనుదీసిన కాలమది. ఆమె పోయినది చూచుటకు, అయినను వ్రాసినది. ఆ ఒక్క కారణముచేతనే నేడు ఆమె పేరు నిలిచియున్నది.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము కల్పితుడు. శాస్త్రిగారు మాత్రము ఆ దేశమున చదువుకొనినవారే, అందుచేత ఆ కల్పనలో అనుభవపు ఉప్పు తగులును. మొగలితుఱ్ఱునుండి బయలుదేరిన ఆ కుఱ్ఱవాడు ప్యారిసు, లండను నగరములు దాటి ఎడింబరో చేరును. దారిపొడుగునను ఆతడు పడిన అవస్థలకు నవ్వనివారు తెలుగుదేశమున లేరు. గ్రంథాలయమున ఆ పుస్తకము చదువుచున్నవానిని దూరమునుండియే గుర్తింపవచ్చును, భుజములు కదలుచుండును. నవ్వు తగ్గిన తరువాత ఆలోచించినచో తోచునది వేఱు. పార్వతీశము తెలియనిది తెలియదని ఒప్పుకొనుటకు సిగ్గుపడి చిక్కులలో పడును, పడిన పిమ్మట మెల్లగ నేర్చుకొనును. దొరల ఊరు మొదట వానికి భూతద్దములో కనబడినది. కొన్నాళ్లకు అదియు మనుష్యులుండు ఊరే అయినది. పరదేశవాసముచే కలుగు లాభములలో ఇది చిన్నది కాదు.

సర్వేపల్లి రాధాకృష్ణపండితుని విషయము ఈ ప్రాంతమునకు దగ్గఱిది. ఆయన 1931 మొదలు 1936 వఱకు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులు. భీమునిపట్నమునకు వాల్తేరు ఎంత దూరమని! అంతకు ముందే, 1926లో, ఆయన తొలిసారి ఐరోపా పోయి ఆక్సుఫర్డులోని మాంచెస్టరు కళాశాలలో హిందూధర్మమును గూర్చి ఉపన్యసించిరి. ఆ ఉపన్యాసములు మఱుసటి యేట గ్రంథముగ వెలువడినవి. వాల్తేరులో నున్న కాలముననే, జినీవాలో నానాజాతి సమితి పక్షమున పనిచేయు మేధావుల సంఘమున సభ్యులైరి. అంతకు పూర్వము ఆ స్థానమున జగదీశచంద్ర బోసుగారుండిరి; ఐన్‌స్టీను, మేడం క్యూరీ వంటివారు ఆ సంఘమున పనిచేసినవారు. ఇటు వాల్తేరు కొండమీద కొత్త విద్యాలయమునకు ఆక్సుఫర్డులో చదివి వచ్చిన హుమాయూన్ కబీరును, హీరేన్ ముఖర్జీని అధ్యాపకులుగ పిలిపించిరి. అచ్చట చూచిన మంచిని మూటగట్టి తెచ్చుట యనగా ఇది.

1936లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము ప్రాచ్యమతములు, నీతిశాస్త్రము బోధించు ఆచార్యపీఠమున ఆయనను కూర్చుండబెట్టినది. 1952 వఱకు ఆ పదవి ఆయనదే, యుద్ధకాలమున అచ్చటికి పోవుటకు వీలుపడకున్నను. 1949లో మాస్కోకు భారత రాయబారిగ వెళ్లిరి. అపుడును ఏటేట కొంతకాలము ఆక్సుఫర్డునకు పోయి పాఠము చెప్పుటకు ఏర్పాటు చేసికొనిరి. 1950 జనవరిలో స్టాలినును చూచినపుడు, కళింగయుద్ధపు రక్తపాతము పిమ్మట మనసు మారిన అశోకుని కథ చెప్పిరని ప్రసిద్ధి. కళింగసీమలో పుట్టినవారికి ఆ కథ క్రెమ్లినులో వినబడినదనుట కొంత గర్వకారణమే. స్టాలిను బాల్యమున క్రైస్తవ మఠపాఠశాలలో చదివినవాడు. అతనికి పశ్చాత్తాపమనగా ఏమో తెలియని మాట కాదు.

ఇంతటి మహనీయునిమీద పాఠకులకు ఒక చిన్న ఫిర్యాదు ఉండుట తప్పు కాదు. తెల్లని తలపాగాతో, పొడుగుకోటుతో ఆయన ఐరోపా అంతయు తిరిగిరి. ఆయన గ్రంథములలో ఐరోపా తత్త్వవేత్తలందఱును కనబడుదురు, రొట్టెలమ్మువాడు కనబడడు. శాకాహారి అయిన ఆ పండితునకు చలిదేశమున వంట ఎట్లు సాగినది, మాస్కో మంచులో తొలిదినము ఎట్లు గడచినది, ప్రక్కింటివారు ఏమని పలుకరించిరి? తన్ను గూర్చి వ్రాసిన కొద్దిపాటిలోను ఆయన భావములే వ్రాసిరి గాని ఇంటి సంగతులు తక్కువ. ఆయన ఐరోపాకు గురువుగ పోయిరి. గురుపీఠమునుండి వంటయిల్లు కనబడదు.

నేడు ఈ తీరపు ఊళ్లనుండి పిల్లలు జర్మనీకి, ఐర్లాండునకు చదువులకై పోవుచున్నారు. మంచు కురిసిన దినమున తీసిన ఛాయాచిత్రము నిమిషములో తల్లికి చేరుచున్నది. తల్లి దానిని ఇరుగుపొరుగువారికి చూపి, చలికోటు వేసికొన్నావా అని అడుగును. అంతటితో సరి. అద్దె ఇంటి యజమానురాలు ఎట్టిది, ఆ భాషలో తొలిసారి తప్పు మాటలాడినపుడు ఎవరు నవ్విరి, ఎవరు దిద్దిరి, పండుగనాడు ఏమి వండుకొనిరి అన్నది వ్రాత కెక్కుట లేదు. పూర్వము నెలకొక జాబైన వచ్చెడిది, ట్రంకుపెట్టెలో దాగెడిది. ఇప్పుడు మాట ఫోనులో పుట్టి ఫోనులోనే పోవుచున్నది. గోరీల క్రిందివారు ఏమనుకొనిరో తెలియదని విచారించుచున్నాము; రెండువందల యేండ్లకు ఈ పిల్లలను గూర్చియు అట్లే విచారింపవలసి వచ్చును.

కాపురముండి, చూచి, వ్రాసిపెట్టినవారిలో బరంపురమున పుట్టిన ఉప్పల లక్ష్మణరావుగారిని చెప్పవలెను. వృక్షశాస్త్రమున పండితులు. ఐరోపాలో చదివిరి, స్విట్జర్లాండు దేశపు వనిత మెల్లీని వివాహమాడిరి. ఆమె భారతదేశమునకు వచ్చి జాతీయోద్యమమున పాల్గొన్నది. వలందులు కట్టిన గోడవెనుక నుండి ఈ దేశమును చూచిన ఐరోపావారు కొందఱు; కోడలై లోపలికి వచ్చి చూచినది ఈమె. లక్ష్మణరావుగారు 'అతడు-ఆమె' అను నవలను స్త్రీపురుషు లిరువురి దినచర్యల రూపమున నడపిరి. ఒకే సంఘటన ఇద్దఱికి రెండు తీరుల కనబడునను ఎఱుక రెండు దేశముల ఇంటిలో బ్రదికినవారికి సులభముగ అబ్బునేమో. తమ జీవితకథను 'బతుకు పుస్తకం' అను పేర వ్రాసిరి. పేరు చూడుడు; అందు ఆడంబరము లేదు.

తరువాత ఆయన మాస్కోలో ఏండ్ల తరబడి నివసించి ప్రగతి ప్రచురణాలయమువారికి రష్యను గ్రంథములను తెనిగించిరి. ఉదయమున మంచులో నడచి కార్యాలయమునకు పోవుట, దినమంతయు పరభాషా వాక్యమునకు తెలుగు వాక్యము వెదకుట, ఇది ఆయన పరదేశవాసము. పద్మనాభుడు పులికాటులో చేసిన పనినే ఈయన మాస్కోలో చేసిరి. ఒకరు ఇచ్చటిది అచ్చటికి పంపిరి, మఱియొకరు అచ్చటిది ఇచ్చటికి తెచ్చిరి. ఆయన 1985లో గతించిరి.

ఆ మాస్కో పుస్తకములు గట్టి అట్టలతో, చక్కని బొమ్మలతో, బహు చౌక వెలకు తెలుగుదేశమునకు దిగినవి. బస్సు ఛార్జీకి వెనుకాడు సంసారియు వాటిని కొనగలిగెడివాడు. రష్యను పల్లె చలిమంటయు, ముసలమ్మ కథయు కోస్తా పల్లెల పిల్లలకు తెలిసినది వాటివలననే. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట వాటి రాక నిలిచిపోయినది. ఇక ఉన్న ప్రతులే. ఊరూర గ్రంథాలయపు అలమారులలో అవి ఇంకను కానవచ్చును. కొన్నిటి కుట్టు వదలినది, కొన్నిటికి తొలి పుటలు లేవు. చెదలు పట్టకమునుపే బైండు చేయించుటకు పెద్ద ఖర్చు కాదు. రజతోత్సవపు చందాలలో మిగిలినదానితోనే సరిపోవచ్చును.